గాజుపూసల జన్మస్థానము: ఐరోపా వర్తకపుఁ బూసలనుగూర్చిన విచారము

ఆంగ్లభాషయందుఁ బూసకు వాచకమైన ‘బీడ్’ అను పదము పూర్వకాలమునఁ బ్రార్థన యను నర్థము గలది. జపము చేయువాఁడు సంఖ్య తప్పకుండుటకై పూసలను ద్రిప్పుచుండుటచేఁ బ్రార్థనావాచకము క్రమముగా నాపూసలకే సంక్రమించినది. లక్షణచే నర్థము మాఱుటకు నిది చక్కని యుదాహరణము. పోర్చుగీసువారు పూసను ‘కొంత’ యందురు. లెక్కించుట యను నర్థముగల ధాతువునుండి యది పుట్టినది. వెనీసునగరపుఁ బనివాండ్రలో నొక తెగకు ‘పతెర్నొస్త్రేరి’ యని పేరు. ‘మా తండ్రీ’ యని యారంభమగు లాటినుప్రార్థనమే యాపేరునకు మూలము. మఱియొక తెగకు ‘మార్గరితారి’ యని పేరు. మార్గరిత యనఁగా ముత్యము. పదములు తమ పుట్టుకను నిట్లు తామే చెప్పుకొనుచుండఁగా, వానిచేఁ జెప్పఁబడు వస్తువు మాత్రము తన పుట్టుకనుగూర్చి నోరు మెదపదు. నాణెముమీఁద రాజు పేరుండును. శాసనమున సంవత్సరముండును. గాజుపూసకు లిపి లేదు, ముద్ర లేదు, దానిఁ జేసినవాని పేరు లేదు. విషయమును వరుస తప్పక చెప్పుటను దెలుఁగువారు పూస గ్రుచ్చినట్లు చెప్పుట యందురు. పూసల చరిత్రమునే యట్లు చెప్పుట యింత కష్టమగుట వింతయే.

ఐరోపాఖండమునఁ జేయఁబడి, 15వ శతాబ్ది చివరనుండి 20వ శతాబ్ది పూర్వార్ధముదాఁక నోడలమీఁద ఆఫ్రికాకును, అమెరికాఖండములకును, ఆసియాకును బంపఁబడిన గాజుపూసలకు ‘వర్తకపుఁ బూసలు’ అని వ్యవహారము. ఇట్టి పూస యొకటి దొరకినప్పుడు మూఁడు ప్రశ్నలు వేసికొనవలసియున్నది. అది యెచ్చటఁ జేయఁబడినది? దానిని ఎవ్వరు కొనిపోయి యమ్మిరి? ఎచ్చట దొరకినది? ఈ మూఁడింటికి నొక్కటే యుత్తరమని తలఁచుటయే యీ చరిత్రమునఁ గల తప్పులలోఁ బెక్కింటికి మూలము. వెనీసున గొట్టముగా సాగఁదీయఁబడిన పూసను లండనువర్తకుఁడు కొని, ఓడయధికారికి విక్రయింపఁగా, నది గినీతీరమునఁ జేతులు మాఱి, రెండు తరముల తరువాత వేఱొక దేశపు సమాధిలోఁ బడవచ్చును. సమాధి కాలము పూస కాలము కాదు. సమాధిదేశము పూస దేశము కాదు.

వెనీసు ప్రభుత్వము 1291వ సంవత్సరమున నగరమందలి గాజుకొలుములనెల్ల సమీపమందలి మురానోదీవికిఁ దరలింపవలసినదని శాసించెను. నగరమునకు నగ్నిభయము గలదనుట హేతువు. అయినను దీవియందుఁ బనివాండ్రనందఱ నొక్కచోట నుంచుటచే వృత్తిరహస్యము బయటికిఁ బొక్కకుండఁ గాపాడుటయుఁ దేలికయయ్యెను. పనివాఁడు పరదేశమునకుఁ బోరాదని శాసనములు కలవు. అచ్చటి గాజునకుఁ గావలసిన తెల్లని గులకఱాళ్లు తిచీనోనదినుండియు, సర్జిక్షారము సిరియా, ఈజిప్తు దేశములందలి యుప్పుమొక్కలను గాల్చిన బూడిదనుండియు వచ్చుచుండెను. వెనీసుగాజనునది యిట్లు సగము తూర్పుదేశపు బూడిద.

పూసలను జేయుటకు నచ్చట రెండు మార్గములు ప్రధానములు. మొదటిది సాగఁదీయుట. కరఁగిన గాజుముద్ద నొక యినుపకడ్డీ కొనకుఁ దీసికొని, లోపల గాలిబుడగ నిలిపి, ఆవలికొనను వేఱొక కడ్డీ యంటించి, ఇద్దఱు మనుష్యు లెదురెదురు దిక్కులకుఁ బరుగెత్తుదురు. ముద్ద సాగి సన్నని గొట్టమగును; లోపలి బుడగయు దానితోఁగూడ సాగి గొట్టపు రంధ్రమగును. నూఱడుగులకు మించి సాగిన యాగొట్టమును జల్లారిన పిమ్మటఁ దునకలుగా నఱకి, తునకల వాఁడియంచులు పోవుటకై మరల వేఁడిచేయుదురు. చిన్నపూసలైనచో రంధ్రములు మూసికొనకుండ బూడిదయు బొగ్గుపొడియుఁ గలిపి, పాత్రలో వేసి కాఁచుచుఁ ద్రిప్పుదురు. పెద్దవైనచో నినుపశలాకలకు గ్రుచ్చి నిప్పుమీఁదఁ ద్రిప్పుట గలదు. మాంసఖండములను శూలమునఁ గాల్చునట్టిదే యీ పని. అట్లు త్రిప్పునప్పుడు రెండు పూస లొండొంటి కంటుకొని యూడివచ్చినచో నంటిన మచ్చ నిలిచిపోవును. చూచువారికి దోషమైన యా మచ్చ పరిశోధకునకు గొప్ప యాధారము. రెండవమార్గము చుట్టుట. గాజుకడ్డీని దీపపుజ్వాలయందుఁ గరఁగించి, దారమును గదురునకువలె, లోహపుతీఁగకుఁ జుట్టుదురు. తీఁగను దీసివేసినచో రంధ్రము మిగులును. ఈ పనివారు దీపమును ఊఁదువారను నర్థముగల పేరుతో వేఱు తెగగా నేర్పడిరి.

ఈ రెండుజాతులకును భేదము నెఱుఁగుటకు భూతద్దము చాలును. సాగఁదీసిన పూసయందలి గాలిబుడగలును గీఁతలును రంధ్రమున కనుగుణముగా నిలువుగా నుండును. చుట్టిన పూసయందు రంధ్రముచుట్టును వలయములుగాఁ దిరుగును. 1928లో ప్రకటింపఁబడిన హొరేసు బెక్కుని వర్గీకరణమును, 1970లో కిడ్డుదంపతులు చేసిన వర్గీకరణమును ఆకారము, రంగు, పరిమాణము మున్నగువానినిఁ బేర్కొనుటకుఁ బరిభాషను సమకూర్చినవి. కిడ్డుదంపతుల పద్ధతి పూస చేయఁబడిన తీరునే మొదటి విభాగమునకుఁ బ్రమాణముగాఁ గొన్నది. అది యుక్తమే. నిర్మాణవిధానము ప్రకృతివంటిది, రంగును రేఖలును బ్రత్యయములు.

మురానోపూసలలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది ‘రొజేత్త’ యనఁబడు నక్షత్రపుఁబూస. తెలుపు, ఇటికయెఱుపు, నీలము మొదలగు గాజుపొరలను నొకదానిపై నొకటి కూర్చి, మధ్యమధ్య ముడుతలుగల యచ్చులో నదిమి, తరువాత సాగఁదీయుదురు. గొట్టమును అడ్డముగా నఱకినచో లోపల నక్షత్రము కనఁబడును. తొలికాలపు పూసలకుఁ దఱచుగా నేడు పొరలును, నక్షత్రమునకుఁ బండ్రెండు కోణములును, కొనలయందు సానపట్టిన పలకలును గలవు. వెనుకటివానికిఁ బొరలు తక్కువ. ఈ పూసను మరియా బరోవియెరు అను స్త్రీ కల్పించినదని ప్రసిద్ధి. ఈమె మురానోయందుఁ బేరెన్నికగన్న ఆంజెలో బరోవియెరుని కుమార్తె. 1487లో నీమెకుఁ బ్రత్యేకముగా నొక చిన్నకొలిమిని బెట్టుకొనుటకు వెనీసు ప్రభువు ననుమతి లభించిన మాట నిజము. అయినను ననుమతి పొందినదని చెప్పుట వేఱు, నక్షత్రపుఁబూసను గనిపెట్టినదని చెప్పుట వేఱు. మొదటిది పత్రముచే సిద్ధము. రెండవది యనుమానముచే వచ్చినది. పదునైదవశతాబ్ది చివర నీ పూస మురానోయందుఁ బుట్టినదనుటకు మాత్రము విప్రతిపత్తి లేదు.

రహస్యము చిరకాలము నిలువలేదు. శాసనములను లెక్కింపక పనివాండ్రు దేశాంతరములకుఁ బోయిరి. ఫ్లోరెన్సుపురోహితుఁడు అంతోనియో నేరి 1612లో గాజువిద్యనుగూర్చి గ్రంథమును బ్రకటించెను. అది 1662లో నాంగ్లమునకుఁ బరివర్తింపఁబడెను. పదునేడవశతాబ్ది పూర్వార్ధముననే అమ్స్టర్డామునగరమున వెనీసువిద్య తెలిసినవారిచేఁ బూసలు చేయఁబడుచుండెను. అమ్స్టర్డామునఁ బెక్కు జాతుల పూసలు పుట్టినవని గట్టిగా వాదించినవారిలో వాండెర్ స్లేయెను ముఖ్యుఁడు. ఆ నగరపు నేలయందుఁ బూసలు విస్తారముగా దొరకుటయే యాతనికిఁ గలిగిన ప్రేరణము. కాని రేవుపట్టణమునఁ బూసలు దొరకినంతమాత్రమున నవి యచ్చటివని సిద్ధింపదు. వెనీసునుండి వచ్చి, ఓడ యెక్కకముందే జారిపడినవియుఁ గావచ్చును. ఈ సందేహమును దీర్చినది కొలిమిచెత్త. కరఁగి ముద్దయైన గాజును, వంకరపోయిన గొట్టపుతునకలును, ఒకదాని కొకటి యంటుకొని పాడైన పూసలును అమ్స్టర్డాముగాజుశాలల పరిసరములఁ దవ్వకములయందు బయల్పడినవి. పాడైన పూసను ఏ వర్తకుఁడును సముద్రము దాఁటించి తెచ్చుకొనఁడు. అందుచే నచ్చటఁ బూసలు చేయఁబడినవనుట నిశ్చయము. మంచిపూసకంటెఁ జెడినపూసయే స్థాననిర్ణయమునకు మేలైన సాక్షి.

బొహీమియాదేశపు వృత్తాంతము వేఱు. అచ్చటి యడవులయందలి కట్టెబూడిదనుండి తీసిన యవక్షారముతో గాజు చేయుదురు. అది సానపట్టుటకు ననువైనది. పదునెనిమిదవశతాబ్దినుండి యాబ్లొనెత్సుపట్టణ పరిసరమున వేఁడిగాజుకడ్డీని అచ్చుపటకారులతో నొక్కి పూసలు చేయుటయు, వానికిఁ బలకలు తీర్చుటయు గృహపరిశ్రమగా వ్యాపించెను. పందొమ్మిదవశతాబ్దియందుఁ బరిమాణమునను వెలయందును నిది వెనీసునకుఁ బ్రబలమైన పోటీ. 1898లో వెనీసుపూసలశాలలు పెక్కు చేరి యొక్క సంఘముగా నగుటకు నీ పోటీయుఁ గొంతవఱకుఁ గారణమని తోఁచుచున్నది. 1945 తరువాత యాబ్లొనెత్సుప్రాంతమందలి జర్మనుభాషీయులైన పనివారు దేశమునుండి వెడలఁగొట్టఁబడి, బవేరియాయందలి కాఫ్‌బాయెరెనుచెంత నూతనగ్రామము నిర్మించుకొని, ఆ పనినే సాగించిరి. ఇట్లు పూసల జన్మభూమి యొకనాఁటితో రెండయినది.

ఇఁక పేళ్ల సంగతి. వైయాకరణులు రూఢిశబ్దమునకు మండపశబ్దము నుదాహరింతురు. మండమును ద్రాగువాఁడను నవయవార్థము నచ్చట వెదకరాదు. పూసల వర్తకులు పెట్టిన పేళ్లన్నియు నించుమించుగా నిట్టివే. చరిత్రకారులు కొందఱు వానియందు యోగార్థమును వెదకి మోసపోయిరి. ‘రష్యాపూస’ యని యలాస్కాయందుఁ బ్రసిద్ధమైన పలకలపూస బొహీమియాది. రష్యావర్తకులు దానిని నమ్మినమాట నిజమేకాని, బ్రిటిషువారును అమెరికావారును గూడ నమ్మిరి. ‘అలెప్పో అకీకు’ యని ఫ్రెంచిపేరు గల యెఱ్ఱపూస యలెప్పోయందుఁ బుట్టినది కాదు. అది యకీకురాతికి వెనీసువారు చేసిన యనుకరణము. 1804 మొదలు 1806 వఱకు నమెరికాఖండమును దాఁటిపోయిన లూయిసు, క్లార్కుల పేరిటఁ బిలువఁబడు పువ్వులపూస వారి మూటలలో నుండెననుటకు నాధారము లేదు. వారి దినచర్యలయందుఁ బశ్చిమతీరవాసులు కోరిన పూసలు నీలిపూసలని మాత్రము కలదు. ‘న్వేవ కాదిజు’ పూస యనునది వెనెజుయేలాతీరమునఁ గల కుబాగ్వాదీవియందలి స్పెయినువారి పట్టణముపేరు మోయుచున్నది. ముత్తెములకొఱకుఁ బుట్టి, 1541 తరువాతఁ గొలఁదికాలమునకే పాడుపడిన యా పట్టణమున నా పొడవాటి చతురస్రపుఁ బూసలు దొరకినవి, అంతియే. పట్టణమునకుఁ గాలావధి యుండుటచేఁ బూసకుఁ గాలము లభించినది, దేశము లభింపలేదు.

ఇట్టి కథలలోఁ గెల్ల గొప్పది మన్‌హటనుదీవి కథ. డచ్చివా రాదీవిని గొన్ని పూసలిచ్చి కొనిరని పాఠశాలలయందుఁ జెప్పుదురు. 1626 నవంబరు 5వ తేదీని పీటరు షాఖెను వ్రాసిన లేఖయందు దీవి 60 గిల్డరుల విలువకుఁ గొనఁబడినదని యున్నది. పూసల మాట లేనే లేదు. పూసలు కథలోఁ బ్రవేశించినది రెండువందల యేఁబది సంవత్సరముల తరువాత, 1877లో వెలువడిన మార్తా లాంబు రచించిన నగరచరిత్రమునందు. ఈ విషయమును పీటరు ఫ్రాన్సిసు 1986లో వెల్లడించెను. గాజుముక్కల కాసపడి భూమి నిచ్చిన యజ్ఞానులని యొక జాతినిగూర్చి తరతరములుగఁ జెప్పఁబడిన మాటకుఁ బునాది యింతమాత్రము.

పూసలు పుచ్చుకొన్నవా రజ్ఞానులు కారనుటకుఁ దార్కాణము వర్తకుల వ్రాతలయందే కలదు. 1871లో జాంజిబారునుండి యాఫ్రికాలోపలికిఁ బోయిన స్టాన్లీ, ఏ రంగుపూస యేదేశమునఁ జెల్లునో తెలిసికొనుటకుఁ దాను బడిన పాట్లు వర్ణించినాఁడు. ఉన్యామ్వేజియందు నెఱ్ఱపూసలే చెల్లును. ఉగోగోయందు నాణెములవలెఁ జెల్లు నల్లపూస లితరజాతులయొద్ద విలువ లేనివి. ఒకచోటఁ బ్రియమైన తెల్లపూస మఱియొకచోటఁ ద్రోసివేయఁబడును. ఎఱుఁగక తెచ్చినవాని సరకు బరువు మాత్రమే మిగులును. మురానోకొలిమియందు ఏ రంగు కరఁగవలెనో నిర్ణయించినది చాలవఱకు నాఫ్రికా యంగడియే యనుట యతిశయోక్తి కాదు. అయినను నీ బేరమునకు రెండవముఖము కలదు. పడమటితీరమున వస్త్రములు, ఇత్తడికడియములు, తుపాకులు, మద్యము వీనితోఁగూడఁ బూసలును మనుష్యులకు మాఱుగా నియ్యఁబడినవి. నేఁడు సంగ్రాహకులు ముచ్చటపడి కొనుచున్న దండలయందలి పూసలు కొన్ని యట్టి బేరమున మాఱినవే. 1960 తరువాత పడమటియాఫ్రికా వర్తకులు పాతపూసలను మూటలుగా నైరోపాకును అమెరికాకును మరల దెచ్చి యమ్మిరి. వేఱువేఱు గ్రామములవి, వేఱువేఱు శతాబ్దులవి యొక్క దండగాఁ గ్రుచ్చఁబడుటచే నెచ్చట దొరకినవను సాక్ష్యము నశించినది. పరిశోధనమున కింతకంటె నష్టము లేదు.

కావున నమ్మఁదగినవి కాలము తెలిసిన కుప్పలు. 1583 నవంబరులో వెనీసునుండి కాన్‌స్టాంటినోపిలునకుఁ బోవుచు, నేఁటి క్రొయేషియాతీరమున గ్నాలిచ్‌దీవిచెంత మునిఁగిన యోడయందు గాజుపూసలు విస్తారముగా నుండెను. ఆ యోడ 1967లో వెలుఁగులోనికి వచ్చినది. 1865 ఏప్రిలు 1వ తేదీని మిస్సోరినదియందు మునిఁగిన ‘బెర్‌ట్రాండు’ పొగయోడ సరకులోను బూసలు గలవు. మునిఁగిన దినమునకుఁ దరువాతి పూస యొక్కటియు నందుఁ జేరుట కవకాశము లేదు. లండనువర్తకుఁడు మోసెసు లెవిను పూసలను గుట్టించిన నమూనాయట్టలు బ్రిటిషుమ్యూజియమున నిలిచియుండుటయు 19వ శతాబ్ది మధ్యభాగమునకు మంచి యాధారము.

ద్రవ్యపరీక్ష మఱియొక మార్గము తెఱచినది. తెల్లగాజును బారదర్శకము గాకుండఁ జేయుటకుఁ దొలుతఁ దగరమును, తరువాత నాంటిమొనీని, ఆ పిమ్మటఁ బాషాణమును గలిపిరి. న్యూట్రానులతో జేసిన పరీక్షలచే నీ క్రమము తేలినది. అలెప్పో యకీకుపూసలలో లోపలిగాజు ఆకుపచ్చనిదైనఁ బూర్వకాలపుది. తెల్లనిదైన 1830 ప్రాంతమునకుఁ దరువాతిది. పచ్చగా మెఱయు యురేనియముగాజు 1830 ప్రాంతమునఁగాని ప్రచారమునకు రాలేదు. కావున నట్టి పూస పదునేడవశతాబ్దిదని యెవ్వరైనఁ జెప్పినచో వాదమే యక్కఱలేదు. మొక్కబూడిదనుండి తీసిన సర్జిక్షారమున మెగ్నీషియముపాలు మిక్కుటము. 1791లో వెలసిన లెబ్లాంకుపద్ధతిచేఁ జేయు క్షారమున నది యల్పము. వెనీసు, అమ్స్టర్డాముల గాజునకు మాత్రము, గురుశిష్యుల వ్రాతకువలెఁ, బోలిక హెచ్చగుటచే రసాయనపరీక్షయు నొక్కొక్కప్పుడు తడఁబడుచున్నది.

అలాస్కాయందలి పున్యిక్‌స్థలమున దొరకిన నీలిపూసల వివాద మిటీవలిది. వానితోఁ గూడ దొరకిన నారత్రాటి తునక 15వ శతాబ్దిదని పరీక్షచేఁ దేలుటచే, నాపూసలు కొలంబసునకు ముందే వెనీసునుండి యాసియామీఁదుగా నచ్చటికిఁ జేరినవని 2021లో నిద్దఱు పండితులు ప్రకటించిరి. అదే సంవత్సరమున దానికి ఖండనము వెలువడెను. అట్టి సాగఁదీసిన నీలిపూసలు అమెరికాయందు 17వ శతాబ్దిపు స్థలములఁ బ్రసిద్ధములు. 15వ శతాబ్దియందు వెనీసువా రాజాతిని జేసిరనుటకుఁ బ్రమాణము లేదు. త్రాటికాలము త్రాటిదే, పూసకు నదియే కాలమనుటకు రెండింటికిని సంబంధము సిద్ధింపవలెను. ఖండనపక్షమే బలవత్తరముగాఁ గనఁబడుచున్నది.

సాగఁదీయు విద్యకు వెనీసు మూలస్థానము కాదనుట తెలుఁగువారికిఁ బ్రత్యేకముగాఁ దెలిసికొనఁదగిన విషయము. క్రీస్తుశకమునకు ముందే దక్షిణభారతమున గాజుగొట్టములను సాగఁదీసి చిన్నపూసలు చేయుచుండిరి. పుదుచ్చేరిచెంత అరికమేడు దానికిఁ బ్రసిద్ధస్థానము. ఆ పూసలు తూర్పున నిండొనీషియాదాఁకను, పడమట నాఫ్రికాతీరముదాఁకను వ్యాపించినవి. పూర్వపుఁ జిత్తూరుజిల్లాలోనిదై యిప్పుడు తిరుపతిజిల్లాకుఁ జేరిన పాపానాయుడుపేటయందుఁ దద్విద్యయే నిలిచియుండుటను పీటరు ఫ్రాన్సిసు 20వ శతాబ్ది చివరిపాదమునఁ జూచి వర్ణించెను. అచ్చట నిద్దఱు పరుగెత్తరు. పెద్ద గాజుముద్దను శంకువుగాఁ దీర్చి, ‘లడ’ యను పోలుగల యినుపగొట్టమునకుఁ దొడిగి కొలిమిలో నుంచి, పనివాఁ డొక్కఁడు కొలిమియెదుటఁ గూర్చుండి, చేతికిఁ జేయి మార్చుచు గంటలకొలఁది యెడతెగక గొట్టమును లాగుచుండును. వెనీసువా రీవిద్యను భారతదేశమునుండియే గ్రహించిరని కొందఱు చెప్పుదురు. పద్ధతులు రెండును భిన్నములగుటచేతను, నడుమ నుండవలసిన సోపానములు కనఁబడకుండుటచేతను, అభిమానముచే దానిని సిద్ధాంతముగాఁ జెప్పరాదు.

ఈ రెండుదేశముల పూసలను వేఱుపఱచుట గొప్ప చారిత్రకప్రశ్న కుత్తరమిచ్చినది. ఆఫ్రికాఖండపు దక్షిణభాగమందలి మహాజింబాబ్వే శిలాప్రాకారములు స్థానికులు కట్టినవి కావని, ఫినీషియనులవని, షెబారాణివని వలసప్రభువులు చెప్పుచుండిరి. 1929లో గెర్ట్రూడు కేటన్-థామ్సను అచ్చటఁ ద్రవ్వకములు జరిపి, దొరకిన పూసలను హొరేసు బెక్కుచేఁ బరీక్షింపించెను. మధ్యయుగమందలి భారతసంబంధము గల పూసలు కట్టడముల పునాదియంతస్తులందుఁ గనఁబడుటచే, ఆ కట్టడము మధ్యయుగపుదనియు, ఆఫ్రికావారిదేయనియు నామె నిర్ణయమునకు బలము చేకూరెను. తరువాతివారి ద్రవ్యపరీక్షలయందును నా ప్రాంతపు పూర్వపూసలలోఁ బెక్కు దక్షిణాసియాగాజునకుఁ గల యల్యూమినాప్రాచుర్యమును జూపినవి. ఐరోపాపూస లచ్చటి స్థలములయందు విరివిగాఁ గనఁబడుట యటుపిమ్మటనే.